వెల్లకిలా పడుకున్న సాలీడు, ఫోన్‌లో దొరికిన డాక్టరమ్మ: నా రివ్యూ

మా తమ్ముడు జనవరిలో కెనడా పోతూ పోతూ మా ఇంట్లో రెండు వదిలేసి పోయాడు. ఒకటి బండి, ఇంకోటి టరాంటులా అనే పెద్ద సాలీడు. బండి సంగతి మా ఆయన చూసుకుంటున్నాడు, టరాంటులా నాకూ తొమ్మిదో తరగతి చదివే మా చిన్నోడికీ మిగిలింది. చిలీ దేశపు రోజ్ హెయిర్ జాతి, కాళ్లు చాపితే నా అరచేయంత ఉంటుంది, గోధుమ రంగు ఒళ్లు, లైటు పడితే తల మీది పెంకు కొంచెం గులాబీ రంగులో మెరుస్తుంది. తమ్ముడు దానికి భీముడు అని పేరు పెట్టాడు. మొదటి వారం నేను ఆ గదిలోకే పోలేదు. ఇప్పుడు పొద్దున లేవగానే టీ కంటే ముందు దాన్ని చూసొస్తున్నా.

ఈ రివ్యూ ఒక ఆన్‌లైన్ పెట్ డాక్టర్ సర్వీస్ గురించి. యాప్ పేరు రాస్తే ప్రచారం అనుకుంటారని రాయట్లేదు. కుక్కలు, పిల్లులు కాకుండా పాములు, తాబేళ్లు, చిలుకలు, సాలీళ్లు లాంటివి చూసే డాక్టర్ వీడియో కాల్‌లో మాట్లాడతారు, మాకు దొరికిన డాక్టరమ్మ హైదరాబాద్‌లో ఉంటుంది, శుభ్రంగా తెలుగు మాట్లాడుతుంది. కాల్‌కి 500 రూపాయలు, ఆ తర్వాత వారం రోజులు మెసేజ్‌లు ఉచితం. నేను రెండుసార్లు కట్టాను. నల్లగొండలో ఉండి ఇలాంటి జీవాన్ని పెంచేవాళ్లు మహా అయితే చేతి వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది ఉంటారేమో, వాళ్లలో ఒక్కరికైనా పనికొస్తుందని రాస్తున్నా.

ముందు మా కష్టం చెప్పాలి. తమ్ముడు వెళ్లేముందు కొత్త ఇల్లు కావాలని ఒక షాపులో పూర్తి సెట్ కొన్నాడు, షాపు పేరు అనవసరం. ఒకటిన్నర అడుగుల ఎత్తు గాజు పెట్టె, పైన ఇనుప జాలీ మూత, కింద అంటించే హీట్ మ్యాట్, నీళ్ల గిన్నెలో పెట్టే స్పాంజి, ఒక సంచీ కొబ్బరి పొట్టు. మొత్తం 4,200 తీసుకున్నారు. ఎలా వాడాలో ఒక్క మాట చెప్పలేదు. కొబ్బరి పొట్టు తడిపి వేయాలన్నారంట, తమ్ముడు బురద అయ్యేదాకా తడిపాడు. ఆ 4,200లో ఒక్క కొబ్బరి పొట్టు తప్ప మిగతాదంతా ఉన్నదున్నట్టు వాడితే భీముడికి పనికిరానిది, ఇంకా చెప్పాలంటే ప్రమాదం. ఈ మాట నాకు మార్చిలో తెలిసింది.

ఫిబ్రవరి అంతా అది రాత్రిళ్లు గాజు మీద పాకుతూనే ఉండేది. పది గంటలకు లైటు తీసేస్తే చాలు, మెల్లగా ఒక్కో కాలు గాజుకు ఆనించుకుంటూ జాలీ దాకా ఎక్కేది, తెల్లారేదాకా అక్కడే వేలాడేది. మా చిన్నోడు అది ఆడుకుంటోందని సంబరపడ్డాడు. ఒక రాత్రి జాలీ సందులో దాని కాలి గోరు ఇరుక్కుంది, విడిపించుకోవడానికి అది గుంజుకోవడం చూసి నాకు చెమటలు పట్టాయి. పది నిమిషాలకు దానంతట అదే వదిలించుకుంది. తెల్లారి మన ఊళ్లోని పశువుల డాక్టర్ గారి దగ్గరికి పోయి అడిగాను. ఆయన చాలా మర్యాదగా చెప్పాడు, "అమ్మా, బర్రెలు, గొర్రెలు, కోళ్ల సంగతైతే నన్ను అడుగు, దీని గురించి నాకు తెల్వదు, తెలిసినట్టు చెప్తే తప్పైతది" అని. ఆ నిజాయితీకి దండం పెట్టాను. హైదరాబాద్ వంద కిలోమీటర్లు, ఆ ఎండలో బస్సులో దాన్ని తీసుకుపోయే ధైర్యం లేదు. అట్లా ఆ యాప్ దొరికింది.

మొదటి కాల్ ఇరవై అయిదు నిమిషాలు నడిచింది. ఆమె మొదట అడిగింది ఏ జాతి అని. తర్వాత ఎక్కడిది, కాగితాలున్నాయా అని. విదేశీ జాతుల్లో సైటీస్ జాబితాలో, అంటే దేశాల మధ్య అమ్మకాల మీద అదుపు పెట్టిన జీవాల జాబితాలో ఉన్నవాటిని పెంచితే ప్రభుత్వ పరివేశ్ పోర్టల్‌లో నమోదు చేయాలని, మనది ఏ జాబితాలో ఉందో చూసుకోమని చెప్పింది. ఇలా అడగని డాక్టర్‌ని నేనైతే నమ్మను. ఆ తర్వాత మూడు ప్రశ్నలు అడిగింది, వాటిని నేను అప్పుడే నోట్‌బుక్‌లో రాసుకున్నా. ఈమధ్య దాని చుట్టూ ఏం మారింది? పొట్ట ఎంత లావుంది? కాళ్లు ఎట్లా పెట్టుకుంది? సాలీడు ఏ వింత పని చేసినా ముందు ఈ మూడు చూసుకున్నాకే భయపడాలో వద్దో తేల్చుకోమంది.

గాజు ఎక్కడానికి కారణం ఇల్లు కొత్తది కావడం, కింద మట్టి తడిగా ఉండడం. ఇది చిలీలో పొడి నేలల్లో బొరియల్లో బతికే జాతి, తడి నేల మీద కాలు పెట్టడం దానికి అసహ్యం, అందుకే పొడిగా ఉన్న గాజు మీదికి పారిపోతోంది. ఆటా కాదు పాటా కాదు. ఇంకో మాట చెప్పింది, అది విన్నాక నేను ఆ రాత్రి నిద్రపోలేదు. నేల మీద తిరిగే టరాంటులాల పొట్ట నీళ్లు నింపిన పల్చటి బెలూన్ లాంటిది, అడుగు ఎత్తు నుంచి పడ్డా పగిలిపోవచ్చు, పగిలితే దాదాపు బతకదు. అందుకే మట్టికీ మూతకీ మధ్య ఎత్తు దాని కాళ్ల చాపుకి ఒకటిన్నర రెట్లు దాటకూడదు. మా పెట్టెలో అది పద్నాలుగు అంగుళాలు ఉండేది.

మర్నాడే పానగల్ రోడ్డు వైపు ఒక నర్సరీలో ఎరువు కలపని కొబ్బరి పొట్టు ఇటుక కొన్నాను, కడిగి, డాబా మీద రెండు రోజులు ఎండబెట్టి, పెట్టెలో సగానికి పైగా నింపి అణిచాను. ప్రకాశం బజార్‌లో గాజు కోసే అన్న దగ్గర జాలీ మూత తీసేసి సన్న రంధ్రాలు చేసిన అక్రిలిక్ మూత చేయించాను, 350 తీసుకున్నాడు, రంధ్రాల అంచులు గరుకు లేకుండా ఉప్పు కాగితంతో రుద్ది మరీ ఇచ్చాడు. స్పాంజి పారేశాను, అందులో బూజు, క్రిములు పెరుగుతాయి తప్ప ప్రయోజనం లేదంట, నిండుగా నీళ్లు పోసిన చిన్న గిన్నె చాలంట. హీట్ మ్యాట్ అయితే ఆమె చూసి, "అమ్మా, మీది నల్లగొండ కదా, ఎండాకాలంలో నల్లగొండలో వేడి చేసే మిషన్ ఎందుకు?" అంది. మామూలుగా మనుషులకు హాయిగా ఉండే 22 నుంచి 28 డిగ్రీలు దానికీ హాయి. మనకి సమస్య చల్లగా ఉంచడం. పెట్టెను కిటికీ దగ్గరి టేబుల్ మీంచి తీసి, దేవుడి గది పక్కన షాబాద్ బండల మీద, నేల మీదే పెట్టాం. కూలర్ గాలి నేరుగా తగలకూడదంది, కూలర్‌ని హాల్లోకి మార్చాం.

నాలుగు రోజుల్లో పాకడం ఆగిపోయింది. ఇక్కడికి అయిదుకి అయిదు స్టార్లు.

రెండో గండం తిండి. ఉగాది ముందు నుంచి భీముడు తినడం మానేసింది. మా చిన్నోడు టెన్షన్ పడిపోయి ఊరి బయట పత్తి చేను గట్ల మీద మిడతలు పట్టుకొచ్చాడు, నా కంట పడకుండా ఒకటి వేశాడు కూడా. అదృష్టం, అది ముట్టుకోలేదు. మెసేజ్‌లో ఇది చెప్తే డాక్టరమ్మ వెంటనే ఫోన్ చేసి, దయచేసి చేలల్లోని పురుగుల్ని వేయొద్దంది. మన దగ్గర పత్తికీ వరికీ ఎన్నిసార్లు మందు కొడతారో అందరికీ తెలుసు, ఆ మందు పురుగు ఒంట్లో ఉంటుంది, సాలీడు పోతుంది. ఇంట్లో దోమల కాయిల్, బొద్దింకల స్ప్రే, వీధిలో మున్సిపాలిటీ పొగ కూడా అంతే, పొగ బండి శబ్దం వినిపిస్తే కిటికీలు మూసేయమంది. పురుగుని చంపే మందుకి సాలీడు వేరు, బొద్దింక వేరు అని తెలియదు కదా. ఇప్పుడు కొరియర్‌లో మీల్‌వర్మ్‌లు, అంటే మేతకని పెంచే పురుగులు తెప్పిస్తున్నాం, గోధుమ తవుడు వేసి డబ్బాలో పెంచుతున్నాం.

తినకపోవడం గురించి మాత్రం ఆమె అస్సలు కంగారు పడలేదు. ఈ జాతి నెలల తరబడి ఉపవాసం ఉండడంలో పేరు మోసిందంట. పొట్ట నిండుగా, గుండ్రంగా ఉన్నంతకాలం ఎదురుచూడు, పొట్ట ముడతలు పడి ముందు భాగం కంటే చిన్నదైపోతే అప్పుడు చెప్పు అంది. వారం రోజులు వరుసగా ఒకే టైముకి ఫొటో తీసి పంపమంది. ఆ ఫొటోలు పక్కపక్కన పెట్టి చూస్తేనే మాకు ఒకటి కనిపించింది. పొట్ట వెనక భాగంలో నూగు రాలిపోయి బోడిగా ఉన్న చోటు, రూపాయి బిళ్లంత, మొదట తేనె రంగులో ఉండేది, రోజురోజుకీ నల్లబడుతోంది. లోపల కొత్త చర్మం, కొత్త నూగు తయారవుతున్నాయి, అది పైకి నల్లగా కనపడుతోంది, ఇంకొన్నాళ్లకి కుబుసం విడుస్తుంది, మీల్‌వర్మ్ ఒక్కటి కూడా లోపల ఉండనివ్వకండి, అది కదల్లేని టైములో పురుగే దాన్ని కొరుకుతుంది అని డాక్టరమ్మ రాసింది. ఇంత స్పష్టంగా ముందే చెప్పింది. చెప్పినా సరే, ఆ రోజు వచ్చేసరికి మాకు బుర్ర పనిచేయలేదు.

ఏప్రిల్ ఆఖర్లో, రాత్రి పదకొండు దాటింది. కరెంటు పోయి వచ్చింది. మా అత్తమ్మ నీళ్ల కోసం లేచి, "ఓ బిడ్డా, ఇట్ల రా, గది సచ్చిపోయినట్టున్నది, కాళ్లు మీదికి వెట్టింది" అని పిలిచింది. పరుగెత్తాను. భీముడు వెల్లకిలా పడి ఉంది. కింద తెల్లటి గూడు పరుపులా అల్లుకుని ఉంది, దాని మీద వీపు ఆనించి, ఎనిమిది కాళ్లూ పైకి, కొంచెం వంగి ఉన్నాయి. చిన్నోడు ఏడుపు మొదలుపెట్టాడు. మా ఆయన పుల్లతో తిప్పి చూద్దామా అన్నాడు. అత్తమ్మ పొద్దున చెట్టు కింద పూడ్చి పెడదామంది. నేను వణుకుతున్న చేత్తో వీడియో తీసి పంపి, అత్యవసరం అని ఇంకో 500 కట్టాను. పద్దెనిమిది నిమిషాలకు డాక్టరమ్మ కాల్ చేసింది, నిద్రలో లేచిన గొంతు. మొదటి మాట, "ఎవరూ ముట్టుకోకండి, ఊదకండి, నీళ్లు చల్లకండి, లైటు తగ్గించండి."

చనిపోయే టరాంటులా మామూలుగా వెల్లకిలా పడుకోదు, ఉన్నచోటే ఉండి కాళ్లన్నీ కడుపు కిందికి ముడుచుకుంటుంది, పిడికిలి బిగించినట్టు. ఎందుకట్లా అని చిన్నోడు ఏడుస్తూనే అడిగాడు. ఆమె వాడికి అర్థమయ్యేటట్టు చెప్పింది: "జేసీబీ చెయ్యి ఆయిల్ ప్రెషర్‌తో లేస్తది చూశావా? సాలీడు కాళ్లు ముడవడానికి కండరాలున్నాయి కానీ, ముఖ్యమైన కీళ్ల దగ్గర చాపడానికి లేవు, లోపలి ద్రవం ప్రెషర్‌తోనే చాపుతుంది. ఒంట్లో నీళ్లు తగ్గినా, ప్రాణం పోయినా ఆ ప్రెషర్ పోయి కాళ్లు ముడుచుకుంటయి. మీ భీముడి కాళ్లు విప్పారి ఉన్నయి చూడు." అప్పుడు చూశాం. నిజంగానే విప్పారి ఉన్నాయి. కుబుసం విడిచేటప్పుడు భయంతో దాన్ని బోర్లా తిప్పితే చంపినట్టేనంట, మా ఆయన చేతిలోని పుల్ల అప్పుడు కింద పెట్టాడు.

కాల్ పెట్టేశాక ముగ్గురం నేల మీదే కూర్చున్నాం. గంటన్నర ఏమీ జరగలేదు. తర్వాత తల మీది పెంకు అంచున ఒక గీత తెరుచుకుంది, డబ్బా మూత లేచినట్టు ఆ పెంకు ఒక పక్కకి ఒరిగింది. అది మెల్లగా కాళ్లు గుంజుకోవడం మొదలుపెట్టింది. తడిసి ఒంటికి అతుక్కున్న చొక్కా చేతుల్లోంచి మోచెయ్యి బయటికి లాగుతాం చూడండి, అట్లా, ఒక గుంజుడు, కాసేపు ఆగడం, మళ్లీ ఒక గుంజుడు. ఎనిమిది కాళ్లూ ఒకేసారి కొద్ది కొద్దిగా వచ్చాయి, పాత కాళ్లు గాల్లోనే ఖాళీగా నిలబడి ఉన్నాయి. కొత్త కాళ్లు లేత రంగులో, తడి మెరుపుతో ఉన్నాయి. కోరలు చూసి చిన్నోడు నా చెయ్యి పట్టుకున్నాడు, పాల పళ్లలాగా తెల్లగా ఉన్నాయి. మూడున్నరకి పూర్తిగా బయటపడింది. తెల్లారేసరికి మామూలుగా తిరిగి పడుకుని, కాళ్లన్నీ నేల మీద పరిచేసి, దెబ్బ తిన్నట్టు కదలకుండా ఉంది. మళ్లీ మెసేజ్ పెట్టాను. అది అలసిపోయిందమ్మా, ఒళ్లు మెత్తగా ఉంది, గట్టిపడేదాకా అట్లానే ఉంటుంది, నీళ్లు మాత్రం ఉంచండి అని జవాబు.

ఇంకా ఒకటి చెప్పింది, పాత చర్మాన్ని పారేయొద్దని. భీముడు దూరంగా జరిగాక పొడవాటి పట్టకారుతో మెల్లగా తీసి, గిన్నెలు తోమే లిక్విడ్ ఒక చుక్క కలిపిన నీళ్లలో నానబెట్టి, పొట్ట భాగం లోపలి వైపు విప్పి, ఫోన్ టార్చి ముందు పెట్టి ఫొటో తీయమంది. తడిసిన టిష్యూ కాగితంలా ఉంటుంది, పెయింట్ బ్రష్‌తో విప్పడానికి నాకు ముప్పావు గంట పట్టింది. ఊపిరితిత్తుల తెల్ల మచ్చలు నాలుగు ఉన్నాయి, పై రెండు మచ్చల మధ్య చిన్న జేబు లాంటి మడత కనిపించింది. ఆ మడత ఉంది కాబట్టి ఆడది అని జవాబొచ్చింది. ఈ జాతిలో మగవి కొన్నేళ్లే బతుకుతాయి, ఆడవి పదిహేను ఇరవై ఏళ్లు కూడా బతకొచ్చంట. తమ్ముడికి చెప్తే అవతల కాసేపు మాట రాలేదు. పేరు మాత్రం మార్చలేదు, పిలవడం అలవాటైపోయింది.

సర్వీస్‌లో నచ్చనివి కూడా రాయాలి. యాప్‌లో బుకింగ్ ఫారం మొత్తం ఇంగ్లీషులో ఉంది, జంతువు పేరు ఎంచుకునే చోట సాలీడు లేనే లేదు, "ఇతర" అని నొక్కి రాయాల్సి వచ్చింది. మా అత్తమ్మలాంటి వాళ్లు ఒంటరిగా ఉంటే వాడలేరు. పగటిపూట మెసేజ్‌కి జవాబు రావడానికి ఒక్కోసారి నాలుగైదు గంటలు పడుతుంది. రాత్రి అత్యవసర కాల్‌కి ఎక్కువ ఛార్జి లేకపోవడం మంచిదే కానీ, డాక్టర్ దొరుకుతారో లేదో కాల్ వచ్చేదాకా చెప్పరు, ఆ పద్దెనిమిది నిమిషాలు నాకు పద్దెనిమిది గంటలు. ఇంకొకటి, నిజంగా దెబ్బ తగిలి ద్రవం కారుతుంటే ఫోన్‌లో చేసేది తక్కువ, హైదరాబాద్ తీసుకెళ్లాల్సిందేనని ఆమే చెప్పింది. అందుకే మొత్తానికి నాలుగు స్టార్లు, డాక్టరమ్మకి విడిగా అడిగితే అయిదు.

చిన్నోడి వల్ల తెలిసిన ముచ్చట ఒకటి. నల్లమలలో నీలం రంగు టరాంటులా ఉంటుందట, పట్టుకొద్దామా అని వాడు ఆమెనే అడిగేశాడు. ఆమె కోప్పడలేదు, కథ చెప్పింది. గుత్తిలో దొరికిన సాలీడుని బట్టి 1899లో పోకాక్ అనే శాస్త్రవేత్త దానికి పేరు పెట్టాడు, ఆ తర్వాత వందేళ్లకు పైగా ఎవరికీ దొరకలేదు, 2001లో నంద్యాల, గిద్దలూరు మధ్య అడవిలో మళ్లీ కనిపించింది. మన దేశంలో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా లేదు, అంతరించిపోయే ప్రమాదం చాలా ఎక్కువగా ఉన్న జీవాల్లో ఉంది. చెట్టు తొర్రలో ఉంటుంది, అడవి నరికితే దానికి ఇల్లు లేదు. వాడు ఆ రోజు నుంచి అడవి సాలీళ్లని పట్టే మాట ఎత్తలేదు, అమ్రాబాద్ పోయినప్పుడు దూరం నుంచి చూద్దామంటున్నాడు.

ఇంట్లో పిల్లలుంటే ఒక జాగ్రత్త. ఇది కోపం వస్తే వెనక కాళ్లతో పొట్ట మీది నూగు గీరి విసురుతుంది, చేతికి తగిలితే విపరీతమైన దురద. టేపు అంటించి లాగితే నూగు చాలావరకు వచ్చేస్తుంది, తర్వాత సబ్బుతో కడుక్కోవాలి. కళ్లలో పడితే మాత్రం రుద్దకుండా కంటి డాక్టర్ దగ్గరికి పోవాలి. పెట్టె శుభ్రం చేసేటప్పుడు మేం ఇప్పుడు కళ్లద్దాలు, గ్లవ్స్ వేసుకుంటున్నాం.

కుబుసం విడిచాక కోరలు తెల్లటి నుంచి ఎరుపుకి, ఎరుపు నుంచి నలుపుకి మారేదాకా తిండి పెట్టొద్దంది. పదహారో రోజు నల్లగా కనిపించాయి. ఆ రాత్రి ఒక మీల్‌వర్మ్ వేస్తే మీదికి దూకి పట్టుకుంది, చిన్నోడు ఇల్లంతా అరిచి చెప్పాడు.

ఇప్పుడు జులై. మొన్న రాత్రి భీముడు కొత్త పని మొదలుపెట్టింది, మూల దగ్గర గుంత తవ్వి, మట్టి ముద్దలు కోరలతో మోసుకొచ్చి నీళ్ల గిన్నెలో పోస్తోంది. గిన్నె సగం నిండిపోయింది. ఫోన్ తీసి మెసేజ్ టైపు చేయబోయి, ఆగి నోట్‌బుక్ తెరిచాను. ఏం మారింది? రెండు రోజులుగా ముసురు, నేల చల్లబడింది. పొట్ట? నిండుగా ఉంది. కాళ్లు? విప్పారి ఉన్నాయి. గిన్నె కడిగి మంచినీళ్లు పోసి పెట్టి పడుకున్నాను.